పర్లాకిమిడి దగ్గర కప్పల పరిశీలన శిక్షణ: నా సమీక్ష

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి కొండ వైపు వెళ్లే దారిలోని ఒక పల్లెలో జూలై నెలలో జరిగిన ఐదు రోజుల కప్పల పరిశీలన శిక్షణకు, భోజనంతోనూ బసతోనూ కలిపి ఆరు వేల రూపాయలు చెల్లించి హాజరయ్యాను. ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పే నాకు కప్ప లోపలి అవయవాలన్నీ కంఠతా వచ్చు. బతికి ఉన్న కప్పను చూసి, చూసింది చూసినట్టు రాయడం మాత్రం రాదని మొదటి రాత్రే తేలిపోయింది.

ఆ రాత్రి చెరువు గట్టు కింద, పసుపు రాసుకున్నట్టు ఒళ్లు మారిపోయిన మగ బోదురుకప్పలు గొంతుకు ఇరువైపులా నీలి సంచులు ఉబ్బించి అరుస్తున్నాయి. మేమందరం వెంటనే జాతి పేరు రాసేశాం. శిక్షకుడు ఆ పేర్లన్నీ కొట్టివేయించి, ముందు గంట, గాలి వేడి, తేమ, కప్ప కూర్చున్న చోటు, నీటికి దూరం, అది చేస్తున్న పని రాయమని, పేరు చివరి గడిలో నింపమని చెప్పారు. చాదస్తమనుకున్నాను. మరునాడు వరి మళ్లలో మినర్వర్యా ప్రజాతికి చెందిన చిరుకప్పలు ఎదురైనప్పుడు కారణం బోధపడింది. వాటిలో కొన్ని జాతులను రూపం చూసి విడదీయడం కష్టం. అరుపు రికార్డు చేసుకోవాలి, ఒక్కోసారి జన్యు పరీక్ష కూడా కావాలి. తొందరపడి రాసిన పేరు తప్పని తరువాత తేలినా, పక్కనున్న వివరాలు సరిగా ఉంటే ఆ పుట పనికివస్తుంది.

ఈ శిక్షణలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది గెడ్డ (కొండవాగు) వెంట వంద మీటర్ల మేర చేసిన వెతుకులాట. ఇద్దరేసి చొప్పున, సరిగ్గా అరగంట, అదే మేరలో మూడు రాత్రులు వెతికాం. ఆ మూడింటిలో వాన లేని మొదటి రాత్రి మా జట్టుకు ఒక్క కప్పా కనబడలేదు. హద్దు దాటి నాలుగడుగులు వేస్తే రాళ్ల మధ్య అరుపులు వినిపిస్తున్నాయని నా జతగాడు బతిమాలినా శిక్షకుడు ఒప్పుకోక, సున్నా అనే రాయించారు. వాన కురిసిన మూడో రాత్రి అక్కడే పదిహేడు లెక్కించాం. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు అని నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన మాటే, కాని దాని బరువు ఆ గెడ్డలో మోకాలి లోతు నీళ్లలో నిలబడినప్పుడు తెలిసింది.

కప్పను పట్టుకోవడం గురించి చెప్పినవన్నీ శ్రద్ధగా చెప్పారు. దాని చర్మం నీటినీ మందులనూ పీల్చుకుంటుంది కనుక దోమల మందు రాసుకున్న చేతితో ముట్టరాదు, చేతులు తడిగా ఉండాలి. కప్పల చర్మానికి సోకి వాటిని చంపే కైట్రిడ్ బూజు ఒక నీటి నుంచి మరో నీటికి చేరకుండా, గెడ్డ మారినప్పుడల్లా బూట్లను బ్లీచింగ్ నీళ్లతో కడిగించారు. ముక్కు కొస నుంచి మలద్వారం వరకు వర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే ఒకే కప్ప ముగ్గురి చేతుల్లో 41, 43, 44 మిల్లీమీటర్లయింది. ఆ తేడాను దాచకుండా మూడు కొలతలూ పుస్తకంలోకి ఎక్కించారు.

లోపాలు లేకపోలేదు. పదిమందికి ఒకే తూకం కాటా ఉంది. లెక్కలు విశ్లేషించే పాఠాన్ని చివరి రోజు రెండు గంటల్లో ముగించారు. బోధనంతా ఇంగ్లీషు, ఒడియాల్లో సాగడంతో తెలుగువాళ్లం ముగ్గురం ఒకరి చెవిలో ఒకరం అనువదించుకున్నాం. నన్ను ఎక్కువగా బాధించింది మరొకటి. దారి చూపడానికి వచ్చిన సవర గిరిజన పెద్దాయన చీకట్లో అరుపు విని ఇది ఫలానా కప్ప, తొలకరికి ముందు పలకదు అని చెబుతుంటే, రాసుకునే పత్రంలో ఆ మాటకు గడే లేదు. సవరల దగ్గరే వారి భాష నేర్చుకుని నిఘంటువులు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి పక్కన ఇలా జరగడం నాకు మింగుడు పడలేదు. ఒక గడి చేర్చమని నిర్వాహకులను అడిగితే, వచ్చే విడతకు ఆలోచిస్తామన్నారు.

రాత్రి నడకకు, జలగలకు, నిద్ర చాలకపోవడానికి సిద్ధపడే డిగ్రీ విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఈ శిక్షణ రుసుముకు తగినదే. తలకు కట్టుకునే టార్చి, రెండు పెన్సిళ్లు తీసుకువెళ్లండి. పెన్నుతో రాసిన నా మొదటి రాత్రి పుట వానకు సగం చెరిగిపోయింది.