రెడీమేడ్ ట్రాక్ కారు: ఇంజిన్‌తో పేచీ లేదు, వైర్లతోనే

నా దగ్గరున్నది రేసుల్లో తిరిగి రిటైరైన పాత మారుతి ఎస్టీమ్. కేజ్ (కారు బోల్తా పడ్డా డ్రైవరు నలగకుండా కాపాడే పైపుల చట్రం), బకెట్ సీటు, బెల్టులు, సస్పెన్షన్ అన్నీ బిగించి ఉన్నదాన్ని తమిళనాడులో కొని నల్లగొండ తెచ్చుకున్నాను. కొన్నేళ్లుగా శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నడుపుతున్నాను. ట్రాక్ కారు సొంతంగా కట్టుకోవాలా, తయారుగా ఉన్నది కొనాలా అని మా వైపు కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగాక ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది. ఎవరు అడిగినా నా మాట చివరికి వైరింగ్ దగ్గరికే వెళ్తుంది. ఈ కారులో నాకు ఒళ్లు మండేది దానికే. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఎస్టీమ్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. తేలికపాటి బండి, తిప్పితే తిరిగే ఇంజిన్. జిప్సీలో, మొదటి తరం స్విఫ్ట్‌లో వచ్చింది కూడా ఈ 1.3 లీటర్ల ఇంజిన్ కుటుంబమే కాబట్టి ఇంజిన్ సామానుకు నేను పెద్దగా ఇబ్బంది పడలేదు. బ్రేకుల్లో డాట్ 4 ఆయిల్ పోసి వేళకు మారుస్తూ పోతే మధ్యాహ్నం ఎండలో కూడా పెడల్ మెత్తబడలేదు.

నేను కొనడానికి మొగ్గింది కేజ్ చూసి. కట్టుకోవడంలో అన్నిటికంటే కష్టం అదే. నల్లగొండలో వెల్డింగ్ షాపులకు కొదవ లేదు. రేకుల షెడ్డు, గేటు, ట్రాక్టర్ ట్రాలీ ఏది చెప్పినా చేసిపెడతారు. కానీ వాళ్లు వాడేది చాలావరకు పొడవునా అతుకు ఉండే ఈఆర్‌డబ్ల్యూ పైపు. కారు రేసులకు ప్రపంచ స్థాయిలో నిబంధనలు పెట్టే ఎఫ్ఐఏ అడిగేది అతుకు లేని కోల్డ్ డ్రాన్ స్టీలు పైపు. డ్రైవరు వెనక నిలబడే పెద్ద హూప్‌కైతే 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం, లేదంటే 50కి 2 ఉండాలి. ఆ పైపు తెప్పించుకున్నా వంపు దగ్గర నలగకుండా వంచే మిషన్ కావాలి. పైగా రూఫ్ అడ్డం వస్తుంది కాబట్టి, పైన అతుకుల చుట్టూ వెల్డింగ్ పట్టడం పెద్ద పని. నా కారులో రూఫ్‌కు, పైపుకు మధ్య వేళ్లు దూర్చి తడిమితే అటువైపు కూడా వెల్డింగ్ పూస తగులుతుంది. ఫ్లోర్‌కు రంధ్రాలు కోసి, కేజ్‌ను కిందికి దించి, పైభాగం చుట్టూ అతికి, మళ్లీ పైకెత్తి కాళ్ల కింద ప్లేట్లు వేశారు. ఆ ప్లేట్లు ఫ్లోర్ అడుగున ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ పని చేసినవాళ్లు ఎవరో తెలియదు గానీ వాళ్లంటే నాకు గౌరవం. సీటు, బెల్టులు, డ్యాంపర్లు, కేజ్ విడివిడిగా లెక్కేసుకుంటే కారు మొత్తానికి నేనిచ్చిన ధర దాటిపోయేది.

ఇక ఈ వైరింగ్ బండారం బయటపడ్డ రోజు సంగతి. కేజ్ వేసిన కారును రోడ్డు మీద నడపకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చొద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అందుకని కారును డీసీఎంలోనే తీసుకెళ్తాను. మాకు తెలిసినవాళ్ల రైస్ మిల్లులో లారీ ఎత్తుకు కట్టిన ప్లాట్‌ఫాం ఉంది, దాని మీది నుంచి నేరుగా డీసీఎంలోకి ఎక్కిస్తాం. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు పట్టుకుని, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా హైవే ఎక్కి, ఒంగోలు, నెల్లూరు దాటి వెళ్లాలి. 500 కిలోమీటర్ల పైమాటే. రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి ట్రాక్ గేటు దగ్గర ఉన్నాం.

స్క్రూటినీలో, అంటే ట్రాక్ ఎక్కేముందు కార్లకు చేసే తనిఖీలో, ఒక పెద్దాయన బెల్టులు లాగి చూశాడు, టో హుక్ చూశాడు, తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయమన్నాడు. బయట, ముందు అద్దం (విండ్‌షీల్డ్) కింద కటాఫ్ స్విచ్ ఉంటుంది, నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు దానిదే. కారు బోల్తా పడ్డా, మంటలు లేచినా బయటివాళ్లు అది తిప్పితే కరెంటు మొత్తం పోయి ఇంజిన్ ఆగిపోవాలి. ఆయన తిప్పాడు. ఇంజిన్ ఆగలేదు. మళ్లీ తిప్పాడు. అదే ఐడిలింగ్, ఏ తేడా లేదు. అంతకుముందు చెకింగుల్లో ఇంజిన్ ఆపి ఉండగా తిప్పి, డాష్‌బోర్డు లైట్లు ఆరిపోతే సరే అన్నారు. ఈయన పద్ధతే సరైనది. "బాగుచేసుకుని తీసుకురండి, అప్పటిదాకా ట్రాక్ ఎక్కొద్దు" అని పక్కకు పెట్టించాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ స్విచ్‌ను నమ్ముకుని నేను ఎన్నిసార్లు సీ1 అనే మొదటి మలుపులోకి దూసుకెళ్లానో గుర్తొచ్చి కాళ్లలో వణుకు పుట్టింది.

కారణం ఏమిటంటే, కటాఫ్ స్విచ్ బ్యాటరీని మాత్రమే విడదీస్తే ఇంజిన్ ఆగదు. తిరుగుతున్న ఆల్టర్నేటర్ తనే కరెంటు ఇచ్చి ఇగ్నిషన్‌ను నడిపిస్తుంది. అందుకే రేసు కార్లకు ఆరు టెర్మినళ్ల స్విచ్ వాడతారు. రెండు పెద్దవి బ్యాటరీకి. చిన్నవాటిలో ఒక జత ఇగ్నిషన్‌ను తెంచుతుంది, ఇంకో జత ఆల్టర్నేటర్‌లో మిగిలిన కరెంటును ఒక రెసిస్టర్ ద్వారా ఎర్త్‌కు పంపుతుంది. నా కారులో పెట్టింది రెండు టెర్మినళ్లది.

అంతవరకే అయితే గంటలో తేలిపోయేది. డాష్ కింద పడుకుని టేపు విప్పితే లోపల ఉన్నవన్నీ ఎర్ర వైర్లే. ఒకే కట్ట నుంచి కోసి కారంతా లాగినట్టున్నారు. ఏ వైరు మీదా గుర్తు లేదు, ఫ్యూజు బాక్సు మీద రాత లేదు, జాయింట్లకు సోల్డరింగ్ లేదు, మెలిపెట్టి టేపు చుట్టారు. వేడికి టేపు జిగురు కరిగి వేళ్లకు అంటుకుంటోంది. టెస్ట్ ల్యాంప్ పట్టుకుని నేను, నాతో వచ్చిన మెకానిక్ ఒక్కో వైరు పట్టుకుంటూ పోయాం. ఫ్యూయల్ పంపుది ఒకటి, ఫ్యాన్‌ది ఒకటి, ఎటూ పోని వైరు ఒకటి. మొదటి సెషన్ అయిపోయింది, రెండోదీ అయిపోయింది. పక్క గ్యారేజీల్లో నుంచి కార్లు వెళ్తున్న శబ్దం వింటూ ఆ డాష్ కిందే ఉన్నాను. చివరికి దొరికింది. ఇగ్నిషన్ కాయిల్ ఫీడు, పంపు ఫీడు రెండింటినీ ఆల్టర్నేటర్ మెయిన్ వైరుకే మధ్యలో కలిపేశారు. వాటిని కోసి స్విచ్ దాటాక వచ్చే లైనుకు మార్చి, ఆల్టర్నేటర్ వైరును బ్యాటరీ వైపు టెర్మినల్‌కు వేశాం. ఇప్పుడు తిప్పితే టక్కున ఆగింది. ఆ పెద్దాయన వచ్చి తిప్పి చూసి, ఈ ఒక్క రోజుకు ఒప్పుకుంటానన్నాడు. సాయంత్రం చివరి సెషన్ మాత్రమే దక్కింది. ఇంటికొచ్చాక మొత్తం పీకేసి, ఆరు టెర్మినళ్ల స్విచ్ తెచ్చి, కొత్త వైరింగ్ వేయించాను. అమ్మిన షాపుకు ఫోన్ చేస్తే, రేసుల్లో అలాగే తిరిగింది అన్నారు. ఆ మాట నేను ఇంకా మర్చిపోలేదు. ఆ స్విచ్ ఒకరి ప్రాణానికి సంబంధించినది.

కేజ్ సంగతికీ ఇంకో ముక్క కలపాలి. వెల్డింగ్ మీద నా మాట మారదు. కానీ అది పాత డ్రైవరు కొలతకు కట్టింది. సీటు బ్రాకెట్లు అడ్డ పైపులకు అతికేసి ఉన్నాయి, ఆయన నాకంటే పొట్టి. హెల్మెట్ పెట్టుకుంటే పక్క పైపుకు, నాకు మధ్య నాలుగు వేళ్ల సందే మిగిలేది. బ్రాకెట్లు కోయించి సీటు కిందికి దించాల్సి వచ్చింది. బెల్టుల లేబుల్ మీద వాడకానికి చివరి సంవత్సరం ఉంటుంది, తయారైన ఐదేళ్లకు గడువు తీరుతుంది. నేను కొన్న కారులో అదీ తీరిపోయి ఉంది. అమ్మకం ప్రకటనలో "సీటు, బెల్టులతో సహా" అని ఉంటే ఆ సంవత్సరం చూడకుండా వాటికి విలువ కట్టొద్దు.

మా బావమరిది మిర్యాలగూడలో పాత స్విఫ్ట్ తీసుకుని మొదటి నుంచీ కట్టుకుంటున్నాడు. రైస్ మిల్లులకు షాఫ్టులు తిప్పే లేత్ ఆయనతోనే సస్పెన్షన్ బుష్‌లు చేయించాడు, ముట్టుకుంటే తెలుస్తుంది ఎంత నున్నగా ఉన్నాయో. ప్రతి వైరు చివరా నంబరు స్లీవ్ తొడిగి, నోటుబుక్కులో రాసుకున్నాడు. "బావా, నా కారు ఇంకా ట్రాక్ ఎక్కలె గని, ఏ వైరు యాడికి పోతదో నిద్రల లేపి అడిగినా చెప్త" అంటాడు. నిజమే. ఆ నోటుబుక్కు చూస్తే నాకు అసూయగా ఉంటుంది. కేజ్ మాత్రం కోయంబత్తూరులో చేయించాలనుకుంటున్నాడు, ఇంకా పంపలేదు.

నాకున్న పరిస్థితి వేరు. మాది మిల్లు మిషన్ల సామాను వ్యాపారం. వానాకాలం వడ్లు వచ్చినప్పుడు, యాసంగి కోతలప్పుడు షాపు వదిలి కదలలేను. మిగిలిన నెలల్లో దొరికే ఆదివారాలను గ్యారేజీలో కాకుండా ట్రాక్ మీద గడపాలనుకున్నాను కాబట్టి కొన్నాను. ఇప్పుడు మళ్లీ తీసుకోవాల్సి వచ్చినా మంచి కేజ్ ఉన్నదే కొంటాను, వైరింగ్ మాత్రం మొదటి నెలలోనే మొత్తం పీకించేస్తాను, ఆ ఖర్చు ధరలో తగ్గించమని ముందే అడుగుతాను. షెడ్డు, సాయంత్రాలు ఖాళీ, చేతి పని తెలిసిన మనిషి పక్కనే ఉంటే మా బావమరిది దారి మీకు నప్పొచ్చు. ఏది చూడ్డానికి వెళ్లినా అమ్మేవాళ్లతో ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఆ స్విచ్ మీరే స్వయంగా తిప్పండి. ఆగకపోతే బేరం మొదలుపెట్టేముందే డాష్ కింద టేపు విప్పి చూపించమనండి.