ఎనిమిది సాళ్ల శెనక్కాయ ప్లాంటర్: యంత్రానికి నాలుగు మార్కులు, అద్దె సర్వీసుకు రెండున్నర

ఎర్రనేలలో పదును ఎక్కువ రోజులు నిలవదు. ఆ కాస్త అదునులోనే ఊరంతా విత్తుకోవాలి. ఎద్దుల గొర్రుతో అంత వేగం రాదు, జడ్డిగంలో (గొర్రుకు బిగించే విత్తనపు గిన్నెలో) సమంగా గింజలు వదిలే చేతులూ తగ్గిపోయాయి. అందుకే అనంతపురం, కదిరి, ధర్మవరం వైపు శెనక్కాయ (వేరుశనగ) విత్తడానికి ట్రాక్టర్ వెనక తగిలించే ప్లాంటర్ తప్పనిసరి అయింది. ఇక్కడ రాస్తున్నది వాలుగా తిరిగే ప్లేట్లతో, సాలుకీ సాలుకీ 30 సెంటీమీటర్ల ఎడంతో ఎనిమిది సాళ్లు వేసే రకం గురించి.

దీని అసలు బలం ప్లేటులోనే ఉంది. ప్లేటు అంచు గుంటల్లో ఒక్కో గింజ కూర్చుని పైకి వెళ్లి గొట్టంలో పడుతుంది. పాత రోలర్ రకం సీడ్ డ్రిల్లులో గింజ రోలరుకీ డబ్బాకీ మధ్య నలిగి బద్దలవుతుంది, పొట్టు ఊడుతుంది. బద్ద మొలవదు, పొట్టు ఊడిన గింజ నేలలో కుళ్లిపోతుంది. శెనక్కాయకు మాత్రం ప్లేటు రకమే తీసుకోండి.

అయితే ప్లేటు గుంట గింజకు సరిపోవాలి. గుంట పెద్దదైతే రెండేసి పడతాయి, చిన్నదైతే గింజ ఇరుక్కుని చితుకుతుంది. కె-6 రకానికి వాడిన ప్లేటు కదిరి లేపాక్షి రకానికి కూడా సరిపోతుందని అనుకోకూడదు. మీ విత్తనాన్నే గుంటల్లో పెట్టి చూడండి. విత్తనశుద్ధికి ద్రవ మందు కలిపితే నీడలో పూర్తిగా ఆరాకే డబ్బాలో పోయాలి. తడి గింజలు ఒకదానికొకటి అతుక్కుంటే ప్లేటు ఖాళీగా తిరుగుతుంది.

మొలక సాంద్రతను తేల్చేది సెట్టింగు. అద్దె సర్వీసుల్లో ఎక్కువగా దెబ్బతినేదీ అదే. విత్తన మోతాదు ఎంత పెట్టాలో డ్రైవర్ నోటి లెక్కతో చెబుతాడు. సరైన లెక్క ఇదీ: 100 గింజలు తూకం వేయండి, 40 గ్రాములు వచ్చాయనుకుందాం. 30×10 సెంటీమీటర్ల ఎడంలో ఎకరాకు దాదాపు 1,33,000 మొక్కలు, అంటే 53 కేజీలు. మొలవని గింజల కోసం కొంత కలిపితే 60 కేజీలు. ఇప్పుడు ప్లాంటర్‌ను జాక్ మీద ఎత్తి, నేల మీద దొర్లుతూ ప్లేట్లను తిప్పే చక్రాన్ని చేత్తో 20 చుట్లు తిప్పండి. చక్రం అడ్డకొలత 45 సెంటీమీటర్లయితే చుట్టుకొలత 1.41 మీటర్లు, 20 చుట్లకు 28 మీటర్లు. ఎనిమిది సాళ్ల వెడల్పు 2.4 మీటర్లు, కాబట్టి సుమారు 68 చదరపు మీటర్లు. ఆ చోటుకు మొత్తం ఒక కేజీ, అంటే గొట్టానికి 125 గ్రాముల చొప్పున పడాలి. ఒక్కో గొట్టానికీ ఒక్కో కవరు కట్టి విడివిడిగా తూయండి. ఒకటి మిగతావాటి కన్నా బాగా తగ్గితే ఆ ప్లేటు బ్రష్షో, గొట్టమో చూసుకోవాలి. అన్నీ ఒకే తీరుగా తగ్గితే స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) మార్చాలి.

పొలంలో చక్రం జారుతుంది కూడా. 20 చుట్లకు 28 మీటర్లు కాక 30 మీటర్లు పోతే విత్తనం ఆ మేరకు పలచబడినట్టే. చక్రం పళ్లు అరిగినా, దుక్కి మరీ పొడిగా ఉన్నా జారుడు పెరుగుతుంది.

ఈ లెక్క వేసే మనిషి అద్దె కేంద్రాల్లో దొరకడం లేదు. పెద్ద కొరత అదే, చదువుకునే పిల్లలు గట్టిగా ఆలోచించాల్సిందీ అదే. బీటెక్ అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ సరిగ్గా ఇలాంటి పనికే. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద బాపట్లలో, మన పక్కనే మడకశిరలో కాలేజీలున్నాయి. ఇంటర్ ఎంపీసీ చదివి ఈఏపీసెట్ రాయాలి. ‘వ్యవసాయం అంటే బైపీసీ’ అనుకుని ఈ దారిని పట్టించుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. యంత్రాలతో పాటు నేల, నీటి సంరక్షణ, డ్రిప్ డిజైన్, కోత తర్వాతి ప్రాసెసింగ్ కూడా ఇందులో నేర్పుతారు. రాయలసీమలో ఈ నాలుగింటికీ పని ఉంది. గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉండటం మన జిల్లా పిల్లలకు అదనపు బలం. యంత్రాన్ని విప్పి బిగించిన అనుభవం లేకుండా మార్కుల పట్టాతో వచ్చేవాళ్లను నడిపే రైతులు నమ్మరు, నమ్మకపోవడం న్యాయమే.

ఇక నడిపేటప్పుడు వచ్చే తప్పులు. ప్లాంటర్‌ను ట్రాక్టర్ ముందుకు కదులుతున్నప్పుడే దించాలి. నిలబడి దించినా, దించి వెనక్కి పోయినా ప్లాంటర్ గొర్రు (సాలు చీల్చి గింజ వదిలే కొన) మూతి మట్టితో మూసుకుపోతుంది, ఆ సాలంతా మొలక రాదు. పైకెత్తకుండా మలుపు తిప్పితే గొర్రులు వంగుతాయి. వేగం గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు చాలు. అంతకు మించితే గుంటలు నిండకుండానే ప్లేటు తిరుగుతుంది. లోతు 5 సెంటీమీటర్లు ఉండేలా టాప్ లింక్ (యంత్రాన్ని ట్రాక్టర్‌కు పైన కలిపే కడ్డీ) సరిచేసి, మొదటి సాలును చేత్తో తవ్వి చూడాలి. రాళ్లున్న చేలో స్ప్రింగు గొర్రులు లేని మోడల్ వద్దు.

ఎరువు పెట్టె దీనికి బలహీనత. పొడి సూపర్ ఫాస్ఫేట్ తేమకు గడ్డకట్టి గొట్టం మూస్తుంది, గుళికల రకమే వాడాలి. ఎరువు గింజకు ఆనకుండా కాస్త పక్కన, కింద పడుతోందో లేదో చూసుకోవాలి, ఆనితే మొలక మాడుతుంది. సాయంత్రం పెట్టె కడిగి ఆరబెట్టకపోతే రెండు సీజన్లకే అడుగు తుప్పు పడుతుంది.

కర్నూలు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో ఇదే యంత్రంతో పప్పుశనగ వేసుకోవచ్చు, ప్లేట్లు మార్చాలి. తడి రేగడి గొర్రుకు అంటుకుంటుంది కాబట్టి పైపొర కాస్త ఆరేదాకా ఆగాలి.

కొనేవాళ్లు రెండు పంటల ప్లేట్లు, ఒక జత స్ప్రాకెట్లు, అదనపు చైను యంత్రంతోపాటే తీసుకోండి. విత్తే వారంలో అవి దొరకవు. అద్దెకు తీసుకునేవాళ్లు ఎకరా ధర అడిగే ముందు 20 చుట్ల తూకం చేసి చూపమని అడగండి. చేయని కేంద్రానికి అడ్వాన్స్ ఇవ్వకండి.