పాయింట్లు ఉన్నాయి, పేరే కలవదు

చౌక విమానాల్లో కాళ్ళు చాపుకోవడానికి చోటుండదు, లగేజీ కాస్త ఎక్కువైతే డబ్బు కట్టాలి. వాటి మీద నాకు కోపం లేదు, తెలిసే ఎక్కుతున్నాం. నా కోపమంతా నేను ఎక్కే సంస్థ లాయల్టీ ప్రోగ్రామ్‌లో, అంటే తరచూ ఎక్కేవాళ్ళకి పాయింట్లిచ్చే పథకంలో, పేరు రాసే గడి మీద.

నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మానాన్న విశాఖలో ఉంటారు. కొన్నేళ్ళుగా ఎక్కువగా ఒకే సంస్థ విమానంలో తిరుగుతున్నాను. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఇంటిపేరు, గివెన్ నేమ్ దగ్గర వెంకట సత్య సూర్యనారాయణ అని ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరుతో మొదలై అంతా ఒకే వరస. నా లాయల్టీ ఖాతా ఆధార్ ప్రకారం తెరిచారు కాబట్టి చివరి మాట ‘సూర్యనారాయణ’ లాస్ట్ నేమ్, అంటే సర్‌నేమ్, అయి కూర్చుంది. ఆఫీసు ట్రావెల్ డెస్క్ వాళ్ళేమో పాస్‌పోర్టు చూసి టికెట్ తీస్తారు. రెండూ నా పేర్లే, రెండూ సరైనవే. సిస్టమ్ లెక్కలో మాత్రం ఇద్దరు వేరే మనుషులు. బోర్డింగ్ పాస్ సంగతి ఇంకా ఘోరం. మధ్యలో ఖాళీల్లేకుండా ‘వెంకటసత్యసూర్య’ దాకా వచ్చి తెగిపోతుంది, దానికే మిస్టర్‌కి గుర్తుగా ‘ఎమ్మార్’ అని అతుక్కుని ఉంటుంది.

పాయింట్లు పడటం లేదని యాప్‌లో క్లెయిమ్ పెడితే, పేరు సరిపోలలేదని మెయిల్ వచ్చింది. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఆధార్ పంపమన్నారు. పంపాను. ఆధార్‌కీ ఖాతాకీ పేరు సరిపోయింది, మార్చాల్సిందేమీ లేదన్నారు. మరి టికెట్ మీద పేరో అంటే, ప్రయాణం అయిపోయిన టికెట్‌ని ముట్టుకోలేమన్నారు. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మళ్ళీ మొదటినుంచీ కథ. ఈలోగా పాత ప్రయాణాల క్లెయిమ్ గడువు దాటిపోయింది. నేను తిరిగిన ప్రయాణాల మీద రావాల్సిన పాయింట్లు అలా పోయాయంటే ఇప్పటికీ మండుతుంది.

చివరికి దారి చూపించింది విశాఖ ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ఉన్న ఒక అమ్మాయి. నా బోర్డింగ్ పాస్, యాప్ పక్కపక్కన పెట్టి చూసి, “సార్, మా ఇంట్లో కూడా ఇదే గొడవ. ఆధార్ కాదు, పాస్‌పోర్టు పెట్టి సర్‌నేమ్ మార్చమని అడగండి” అంది. వెనకాల క్యూ ఉన్నా, మెయిల్‌లో ఏం రాయాలో కూడా చెప్పింది. కొద్ది రోజుల్లోనే పేరు మారింది. అప్పటినుంచి పాయింట్లు వాటంతటవే పడుతున్నాయి.

ఇది నా ఒక్కడి బాధ కాదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్న మనవాళ్ళకి అమెరికా వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఒంటిపేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళని యూఏఈ 2022 నవంబర్‌లో ఆపేసింది. ఇంటిపేరు ముందు రాసుకునే లక్షల మంది తిరిగే రూట్లలో ఫారం ఇంకా ఇలాగే ఉండటం నాకు మింగుడుపడదు. సంస్థ వెబ్‌సైట్‌లో నేరుగా టికెట్ కొంటే, 24 గంటల్లోపు చెప్పినవాళ్ళకి పేరులో తప్పు ఉచితంగా సరిచేయాలని విమాన సంస్థల్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన ఉంది. టికెట్ రాగానే పేరు చూసుకోండి.

సంక్రాంతికి ఈ పాయింట్లు ఆదుకుంటాయని మా కజిన్స్ గ్రూపులో అప్పట్లో గట్టిగానే చెప్పాను. ఒకసారి అమ్మ టికెట్‌కి బాగానే కలిసొచ్చాయి, పన్నులు మాత్రం చేతినుంచి కట్టాను. కానీ ఈ ప్రోగ్రామ్‌లో టికెట్ ధర పెరిగేకొద్దీ అడిగే పాయింట్లూ పెరుగుతాయి. భోగి ముందు రోజుల్లో చూస్తే నా దగ్గరున్నవి సగం టికెట్‌కి కూడా రాలేదు. మామూలు రోజుల్లో వాడుకుంటేనే నయం. ఏళ్ళ తరబడి దాచుకునే ధైర్యం కూడా నాకు లేదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఎగరడం ఆగిపోవడం చూశాం.

ఆఫీసు డబ్బుతో ఒకే రూట్లో తరచూ తిరిగే నాకైతే ఇది పనికొస్తోంది, కొనసాగిస్తాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు సొంత డబ్బుతో ఇంటిల్లిపాదీ వెళ్ళేవాళ్ళయితే పాయింట్లు చూసి సంస్థని ఎంచుకోకండి, టికెట్ ధర, లగేజీ లెక్క చూసుకోండి. చేరాలనుకుంటే మాత్రం ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, అందులో ఏ గడిలో ఏముందో అదే రాయండి. మీ టికెట్లు వేరేవాళ్ళు తీస్తుంటే వాళ్ళకీ అదే పంపండి.