యూరప్‌లో రాయల్టీ సొసైటీ మెంబర్‌షిప్: నాలుగేళ్ళ తర్వాత నా రివ్యూ

ట్యూన్లు కడతాను, యూరప్‌లో ఒక రాయల్టీ సొసైటీలో నాలుగేళ్ళుగా మెంబర్ని, ఏదో పేరు చెప్పను. రేటింగ్ 5కి 3.

ముందు మంచి చెప్తా. రేడియో, కేఫ్, స్ట్రీమింగ్, పాట ఎక్కడ మోగినా డబ్బులు వసూలు చేసి పంచేది వీళ్ళే, మనం ఒక్కళ్ళం ఎన్ని కేఫ్‌లు తిరుగుతాం చెప్పండి. 1847లో పారిస్ కేఫ్‌లో తన పాట ఫ్రీగా వాడుకుంటుంటే నేను మాత్రం బిల్లు ఎందుకు కట్టాలి అని ఒక రచయిత ఎదురు తిరిగాడు, కోర్టులో గెలిచాడు, ఆ గొడవలోంచే 1851లో ఫ్రాన్స్ రాయల్టీ సొసైటీ సాసెమ్ పుట్టింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

కోవిడ్‌లో షోలు, బార్లు మూతపడి వసూళ్ళు పడిపోయాయి కదా, తర్వాత బాగా కోలుకున్నాయి. ఇలాంటి సొసైటీల ప్రపంచ సమాఖ్య సిసాక్ లెక్కల్లో ప్రపంచం మొత్తం 2022లో 1,210 కోట్ల యూరోలు, 2023లో 1,310 కోట్లు, అందులో సగానికి పైగా యూరప్‌దే. డిజిటలే ఇప్పుడు పెద్ద వాటా. నా స్టేట్‌మెంట్లోనూ అంతే, స్ట్రీమింగ్ లైన్లు పేజీలకి పేజీలు వస్తాయి కానీ ఒక్కో లైన్‌లో ఒక సెంటు కూడా ఉండదు, టీవీలో ఒక్కసారి పడితే దానికంటే నయం.

ఇక బాధ. నా పాట ఒకదాంట్లో కో-రైటర్ వాటా తప్పుగా ఎక్కింది, సరిచేయడానికి ఏడు నెలలు మెయిల్స్ పెట్టా, అప్పటిదాకా డబ్బు ఆగిపోయింది. ఆర్థిక సంవత్సరం అయ్యాక 9 నెలల్లో పంచాలని 2014 ఈయూ డైరెక్టివ్‌లో (సభ్య దేశాలన్నీ అమలు చేయాల్సిన నియమాల్లో) ఉంది, కానీ డేటా తప్పుంటే ఆ గడువు మనకి పనికిరాదు. అందుకే చేరేవాళ్ళు పాట రిలీజ్‌కి ముందే వాటాలు రాసుకుని రిజిస్టర్ చేయండి.