వియన్నాలో మేనమామ వరస

వియన్నా వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. "హాబ్స్‌బర్గ్ రాజవంశ యాత్ర" అంటూ ఇంటర్నెట్‌లో అమ్మే గైడ్ టూర్లు కొనకండి. మేము కొన్నాం. మనిషికి 79 యూరోలు, ముగ్గురికి 237. కపూచిన్ చర్చి కింద ఉన్న రాజుల సమాధులు, ఆ తర్వాత పాత చిత్రాలుండే కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం, మొత్తం మూడున్నర గంటలు, చిన్న బృందం అని రాశారు. తీరా వెళ్తే 26 మందిమి ఉన్నాం. సమాధుల దగ్గర గడిపింది పాతిక నిమిషాలు. మ్యూజియం సంగతి ఇంకా అన్యాయం. మేము వెళ్లింది మార్చి నెలలో ఒక సోమవారం. ఆ రోజు మ్యూజియానికి సెలవు. సెలవు రోజుకు టికెట్లు అమ్మి, మూసిన తలుపుల ముందు నిలబెట్టి, ఎదురుగా ఉన్న మరియా థెరిసా విగ్రహం చుట్టూ తిప్పి, "ఇంతటితో యాత్ర పూర్తయింది" అన్నారు. మూడుసార్లు మెయిల్ రాస్తే మనిషికి 12 యూరోలు తిరిగి ఇచ్చారు.

డబ్బు పోయినందుకు మావారు రెండు రోజులు బాధపడ్డారు. నా బాధ వేరు. అది అమ్మ గురించి.

అమ్మకు 71 ఏళ్లు. పల్లెటూరి బళ్లో పాఠాలు చెప్పి రిటైరయింది. పదిహేడో ఏట సొంత మేనమామను పెళ్లి చేసుకుంది. నాన్న పోయి నాలుగేళ్లవుతోంది. చివరి రోజు వరకు ఆయనను "మామయ్యా" అనే పిలిచింది.

ఇక ఆ సమాధులు. నోయర్ మార్క్ట్ అనే కూడలిలో ఏ హంగూ లేని చిన్న చర్చి. పక్క తలుపులోంచి మెట్లు దిగితే ఒకదాని వెనక ఒకటిగా గదులు, గదుల నిండా లోహపు శవపేటికలు. 1633 నుంచి, ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ కుటుంబాన్ని ఇక్కడే ఉంచుతున్నారు. 12 మంది చక్రవర్తులు, 18 మంది చక్రవర్తినులు, అందరినీ కలిపితే 150 మంది వరకు ఉంటారు. గుండెలను తీసి వేరే చర్చిలో, పేగులను ఇంకో చర్చిలో భద్రపరిచేవారు. ఆరవ చార్లెస్ పేటిక మూలన ఒక పుర్రె ఉంటుంది. దాని తల మీద చక్రవర్తి కిరీటం. కళ్లు లేని ఆ గుంటల మీద, కిరీటంలోని ప్రతి రాయినీ శిల్పి ఓపికగా మలిచాడు. దాని ముందు కాసేపు మాట్లాడకుండా నిలబడాలనిపిస్తుంది.

మా గైడ్ సరిగ్గా అక్కడే ఆగి, చేతిలోని ట్యాబ్‌లో స్పెయిన్ రాజు రెండవ చార్లెస్ బొమ్మ చూపించాడు. ఆ రాజు సమాధి స్పెయిన్‌లో ఉంది, వియన్నాలో లేదు. అయినా ఆ పొడుగాటి దవడ చూపిస్తే జనం నవ్వుతారని అతనికి తెలుసు. తన కింది దవడను ముందుకు చాపి అనుకరించాడు. అందరూ నవ్వారు. "వీళ్లు మేనమామలనే పెళ్లి చేసుకునేవాళ్లు" అన్నాడు. మళ్లీ నవ్వారు. అప్పుడు మా వైపు తిరిగి, "మీ ఇండియాలో కొన్నిచోట్ల ఇప్పటికీ చేసుకుంటారట, నిజమేనా?" అని అడిగాడు.

అమ్మ ఇంగ్లీషులోనే, పాఠం చెప్పే గొంతుతో, "నిజమే. నేను చేసుకున్నాను" అంది.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. గైడ్ గడియారం చూసుకుని పక్క గదిలోకి నడిచాడు. అమ్మ మెట్లెక్కి పైకి వెళ్లి, కూడలిలో ఒక బెంచీ మీద కూర్చుంది. నేను వెళ్లేసరికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, రాళ్లు పరిచిన నేల వైపు చూస్తోంది. ఏమీ మాట్లాడలేదు.

మంగళ, బుధవారాలు షోన్‌బ్రున్, హోఫ్‌బర్గ్ రాజభవనాలు చూశాం, బాగున్నాయి. మేము కొన్న 72 గంటల సిటీ టికెట్టు అప్పట్లో 17.10 యూరోలు. మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ అదే చెల్లింది. బస మాత్రం మోసం. రాత్రికి 118 యూరోలు తీసుకున్న ఆ అపార్ట్‌మెంట్‌కు లిఫ్టు ఉందని రాశారు. ఉన్నది మూడో అంతస్తు, ఎక్కాల్సినవి 64 మెట్లు. అమ్మ మోకాళ్లతో రోజుకు ఒక్కసారే దిగేది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్టు ఉందా అని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

షోన్‌బ్రున్‌లో అమ్మ రెండు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్, ఆయన భార్య సిసి గురించి చెవిలో పెట్టుకున్న ఆడియో చెబుతుంటే విని, "వాళ్ల తల్లులు అక్కాచెల్లెళ్లా?" అని అడిగింది. అవును, సోఫీ పెద్దది, లుడోవికా చిన్నది. సోఫీ కొడుకు ఫ్రాంజ్ జోసెఫ్, లుడోవికా కూతురు సిసి. 1853లో ఆమె అక్కను చూడడానికి వచ్చి, పదిహేనేళ్ల చెల్లెలిని కోరుకున్నాడు. మరుసటి ఏడాది పెళ్లయింది. "పిన్ని కూతురంటే చెల్లెలు కదే! ఎలా చేసుకున్నారు?" అని అమ్మ నిజంగానే నొచ్చుకుంది. మేనమామను చేసుకుంటే వాళ్లకు వింత, పిన్ని కూతురిని చేసుకుంటే మనకు తప్పు. వరస అనే మాటకు ఒక్కో నేలలో ఒక్కో అర్థం ఉందని ఆ గైడ్‌కు ఎవరూ చెప్పలేదు.

కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం గురువారం రాత్రి తొమ్మిదింటి వరకు తెరిచి ఉంటుంది. వెళ్తే ఆ సాయంత్రమే వెళ్లండి. మేము వెళ్లినప్పుడు టికెట్టు 21 యూరోలు, మళ్లీ ముగ్గురికీ కొన్నాం. 19 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం. ఆరింటికి వెళ్తే గదులు దాదాపు ఖాళీ. తిన్నగా మొదటి అంతస్తులో, స్పెయిన్ ఆస్థాన చిత్రకారుడు వెలాస్క్వెజ్ వేసిన బొమ్మలున్న గదికి వెళ్లాం.

అక్కడ ఒకే అమ్మాయి మూడు వయసుల్లో కనిపిస్తుంది. స్పెయిన్ రాజు నాలుగవ ఫిలిప్ కూతురు మార్గరీటా. మొదటి దానిలో గులాబీ గౌను, రెండేళ్ల పాప, పక్కన బల్ల మీద పూలు పెట్టిన గాజు పాత్ర. రెండో దానిలో తెల్ల గౌను. మూడోది 1659 నాటిది, ఎనిమిదేళ్ల పిల్ల, నీలం గౌను. ఈ బొమ్మలను మాడ్రిడ్ నుంచి వియన్నాకు పంపింది పెళ్లికొడుక్కి చూపించడానికే. పిల్ల ఎలా ఎదుగుతోందో అతను చూసుకోవాలి కదా. ఆ పెళ్లికొడుకు వియన్నాలోని హాబ్స్‌బర్గ్ చక్రవర్తి లియోపోల్డ్.

నీలం గౌను బొమ్మకు దగ్గరగా వెళ్లి చూడండి. దూరం నుంచి వెండి జరీలా మెరిసేది దగ్గరకు వెళ్లేసరికి గబగబా గీసిన కొన్ని తెల్లటి గీతలు మాత్రమే. రెండడుగులు వెనక్కి వేస్తే మళ్లీ జరీ అయిపోతుంది. గౌను ఇటూ అటూ ఎంత వెడల్పుగా పరుచుకుందంటే, చేతులు కిందికి దించే వీలు లేక పిల్ల వాటిని దాని మీదే ఆనించింది. ఒక చేతిలో గోధుమరంగు బొచ్చుతొడుగు. దవడ చూశాను. బుగ్గలున్న మామూలు పసిముఖం. ఈ బొమ్మ పూర్తయిన మరుసటి ఏడాదే వెలాస్క్వెజ్ చనిపోయాడు.

"లియోపోల్డ్ ఆ పిల్లకు ఏమవుతాడు?" అంది అమ్మ. నేను ఫోనులో ఉన్న వంశవృక్షం చదివాను. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. లియోపోల్డ్ అక్క మరియానా, ఆమె కూతురు మార్గరీటా. అంటే అక్క కూతురు. లియోపోల్డ్ తల్లికి అన్న నాలుగవ ఫిలిప్, ఆయన కూతురు మార్గరీటా. అంటే మేనమామ కూతురు. "రెండు వరసలూ కలిశాయి" అంది. అంతటితో ఆగలేదు. "అయితే మరియానా కూడా సొంత మేనమామనే చేసుకుంది!" నిజమే. అసలు మరియానాను ఫిలిప్ కొడుక్కి అనుకున్నారు. ఆ కుర్రవాడు 1646లో చనిపోతే, 1649లో తండ్రే ఆమెను చేసుకున్నాడు. ఆమెకు 14, అతనికి 44. అది విని అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

ఎందుకు చేసుకున్నారో అమ్మకు నేను చెప్పనక్కరలేదు. "పొలం గట్టు దాటకూడదని" అంది. అయిదవ చార్లెస్ 1556లో తప్పుకున్నాక వంశం స్పెయిన్, ఆస్ట్రియా శాఖలుగా చీలింది. మళ్లీ మళ్లీ పిల్లలను ఇచ్చిపుచ్చుకుంటేనే రెండు రాజ్యాలూ ఇంట్లో ఉంటాయి. ప్రతిసారీ పోప్ అనుమతి తెచ్చుకునేవారు. స్పెయిన్ శాఖ రాజులు చేసుకున్న 11 పెళ్లిళ్లలో 9 దగ్గరి రక్తసంబంధాలే. తల్లిదండ్రుల రక్తసంబంధం బిడ్డలో ఎంత చేరిందో 2009లో స్పెయిన్ జన్యుశాస్త్రవేత్తలు లెక్క కట్టారు. మేనరికంలో పుట్టిన బిడ్డకు ఆ కొలత మామూలుగా 0.0625, మేనమామ మేనకోడళ్ల బిడ్డకు 0.125. రెండవ చార్లెస్‌కు 0.254. అన్నాచెల్లెళ్లకు పుట్టిన బిడ్డకు ఉండేది 0.25. తరతరాల దగ్గరతనం అంతా ఆ ఒక్క ప్రాణి మీద పడింది. అతనికి పిల్లలు కలగలేదు. 1700లో చనిపోతే స్పెయిన్ సింహాసనం కోసం యూరప్ మరుసటి ఏడాది నుంచి 1714 వరకు యుద్ధం చేసింది. ఆ చార్లెస్ మార్గరీటాకు సొంత తమ్ముడు. అదే తల్లి, అదే తండ్రి.

"ఆ పిల్లకు ఎంతమంది పుట్టారు?" అని అడిగింది అమ్మ. నలుగురు. ముగ్గురు పసితనంలోనే పోయారు. ఆమె కూడా 21 ఏళ్లకే పోయింది. నాకు ముందు అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అమ్మ ఆ రోజు కూడా ఎత్తలేదు. బెంచీ మీద కూర్చుని నీలం గౌను వైపు చూస్తూ ఉండిపోయింది. గదికి కాపలా ఉన్న పెద్దావిడ మమ్మల్ని గమనించి, మూడు బొమ్మలనూ వరసగా చేత్తో చూపించి, "పెళ్లయ్యాక కూడా భర్తను మామయ్యా అనే పిలిచేదట" అని చెప్పింది. ఆవిడకు మా సంగతి తెలియదు. నేను తెలుగులో చెప్పగానే అమ్మ ముఖం విచ్చుకుంది. ఆ సోమవారం తర్వాత నేను చూసిన మొదటి నవ్వు అది. తొమ్మిదింటికి అయిదు నిమిషాల ముందు వరకు ఆవిడ మమ్మల్ని లేపలేదు.

శుక్రవారం ఉదయం పదింటికి, తలుపులు తెరవగానే, మేమే మళ్లీ సమాధులకు వెళ్లాం. గైడ్ అక్కరలేదు, పేటికల దగ్గర పేర్లున్నాయి, గంటన్నర చాలు. అమ్మ మార్గరీటా పేటిక దగ్గర, ఆ తర్వాత పసిపిల్లల చిన్న చిన్న పేటికల దగ్గర చేతులు జోడించింది.

అక్కడి నుంచి మాడ్రిడ్. స్పెయిన్ రాజుల సమాధులున్న ఎస్కోరియల్‌కు మాడ్రిడ్‌లోని మొంక్లోఆ నుంచి బస్సులో గంట ప్రయాణం, పాలరాతి పేటికల్లో రాజులు, ఒక పూట చాలు. ప్రాడో మ్యూజియం సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఉచితం. కానీ పెద్దవాళ్లతో ఆ వరసలో నిలబడవద్దు. 15 యూరోలు పెట్టి ఉదయమే వెళ్లండి, 65 దాటినవాళ్లకు సగమే. లోపల ఫోటోలు తీయనివ్వరు, అదే మేలు. 12వ గదిలో వెలాస్క్వెజ్ వేసిన "లాస్ మెనీనాస్" బొమ్మ ముందు గుంపు ఎప్పుడూ ఉంటుంది. మధ్యలో వెలుగులో నిలబడ్డ అయిదేళ్ల పిల్ల మార్గరీటాయే.

అమ్మకు నచ్చింది అది కాదు. ఇంకో చోట మాసో అనే చిత్రకారుడు 1666లో వేసిన బొమ్మ ఉంది. తండ్రి పోయిన మరుసటి ఏడాది, నల్లటి గౌనులో మార్గరీటా. పెళ్లి మాడ్రిడ్‌లో వరుడు లేకుండానే, అతని తరఫున వేరొకరు నిలబడగా జరిగిపోయింది. ఏప్రిల్‌లో బయలుదేరి, డిసెంబరుకు వియన్నా చేరింది. అప్పటికి 15 ఏళ్లు.

"ఎనిమిది నెలలా?" అంది అమ్మ. కాసేపాగి, "మా మామయ్య ఇల్లు రెండు వీధుల అవతలే. అయినా పెళ్లి రోజు రాత్రంతా మా అమ్మ దగ్గరకు వెళ్లిపోతానని ఏడ్చాను" అంది.