100 ఇండెక్స్ కార్డులు, 120 రూపాయలు, ఒక కథ

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక స్టేషనరీ షాపులో కొన్నాను ఈ కట్ట. మూడంగుళాలు బై ఐదు, ఒకవైపు గీతలు, రెండోవైపు తెలుపు. పాత లైబ్రరీల్లో కేటలాగు డ్రాయర్లలో ఇనుప కడ్డీకి గుచ్చి ఉండేవి చూశారుగా, అదే సైజు. చిల్లు ఉండదంతే.

కొనడానికి కారణం 'లోలిటా' రాసిన నబొకోవ్. ఆయన నవలలు ఇలాంటి కార్డుల మీదే రాసేవాడట. పోయాక మిగిలిన 138 కార్డులు 2009లో పుస్తకంగా వచ్చాయి. అది చదివి, నా కథలు సగంలో ఆగిపోయేది కార్డులు లేకే అనుకున్నాను.

కాగితం సంగతి ముందు. ఇంకు పెన్ను పెడితే పీల్చేస్తుంది. 'క్ష్మ' రాస్తే చీమని నలిపినట్టుంది. బాల్ పెన్నే దిక్కు. ఫ్యాను కింద పరిస్తే మీద పప్పు డబ్బాలు పెట్టాలి.

ఇక కథ. వాటా అడగడానికి నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి, సఖినేటిపల్లి రేవులో దిగి పుట్టింటికి వెళ్లే ఒకావిడ. రాయడానికి ముందే సీనుకో కార్డు చొప్పున మొత్తం 16 కార్డులు వేశాను. ఆరోది: "పంటు మీద అన్నయ్య. గొడవ." తీరా రాస్తుంటే అతను గొడవ పడలేదు. "ఎండలో నిలబడ్డావేంటే" అని ఆవిడ చేతిలో సంచీ తీసుకున్నాడు. మిగతా పది కార్డులూ ఆ గొడవ మీదే నడవాలి. రెండు రోజులు బలవంతంగా అరిపించి చూశాను, టీవీ సీరియల్ విలన్‌లా తయారయ్యాడు. సంచీ పట్టుకున్నవాణ్నే ఉంచేశాను. ఆ పది కార్డుల వెనకా ఇప్పుడు పాల లెక్క ఉంది.

తర్వాత కార్డు ముట్టుకోకుండా ఐదు రాత్రుల్లో ముగించాను. ఎటు పోతోందో తెలియక టెన్షన్ పడ్డ మాట నిజమే. మధ్యలో కథలోకి ఎవరిదో పెళ్లి కూడా వచ్చిపడింది.

కార్డులు అక్కరకొచ్చింది అప్పుడు. రాసేసిన కథలోంచి సీనుకో కార్డు తీసి నేల మీద పరిచాను. పెళ్లి కార్డు తీసేస్తే అటూ ఇటూ ఉన్నవి చక్కగా అతుక్కున్నాయి. ఇంకోటి, ఆవిడ గురువారం బయల్దేరి, పుట్టింట్లో మూడు రాత్రులుండి, తెల్లారాక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లింది. అంటే ఆదివారం! 22 పేజీలు నాలుగుసార్లు చదివినా కనపడలేదు.

డిటెక్టివ్ కథలు రాసేవాళ్ల సంగతి వేరు. హంతకుడెవరో ముందే తేల్చుకోవాలి కాబట్టి వాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. నాలాంటివాళ్లకి ఐదుకి మూడున్నర. మిగిలిన కార్డులకి రబ్బరు బ్యాండు వేసి పెట్టాను, కొత్త కథ మొదటి డ్రాఫ్టు అయ్యాకే విప్పుతాను.