వేసవి అథ్లెటిక్స్ క్యాంపు: పిల్లల్ని ఒక్కళ్లనే పంపాలా, కోచ్‌తో పంపాలా, ఊళ్లోనే ఉంచాలా?

స్కూళ్లకు సెలవులివ్వగానే తల్లిదండ్రులకూ పీఈటీలకూ ఇదే మీమాంస. పది పదిహేను రోజుల రెసిడెన్షియల్ క్యాంపు మంచిదా, జిల్లా స్టేడియంలో పొద్దున్నే నడిచే వేసవి శిక్షణ చాలా? హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లా నాలుగో తరగతిలో చేర్చుకుని ఏళ్ల తరబడి పెంచే చోటి సంగతి వేరు. ఇక్కడ మాట్లాడేది రెండు వారాల క్యాంపు గురించే.

14 ఏళ్లలోపు వాళ్లకు ఊరి స్టేడియమే మేలు. 15 దాటి ఒక ఈవెంట్‌లో కుదురుకున్నవాళ్లకు క్యాంపు మేలు, అదీ ఊళ్లో నేర్పే కోచ్ వెంట వెళ్తేనే. ఒక్కరికే చోటు ఉందంటే కోచ్‌నే పంపండి.

ఎందుకంటే పది రోజుల్లో ఒంట్లో బలం రాదు. బలం, స్టామినా కంటికి కనిపించేలా మారాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. క్యాంపులో దొరికేది మెళకువ. దాన్ని ఇంటికొచ్చాక నిలబెట్టాల్సింది కోచే. ఒంటరిగా వెళ్లొచ్చిన పిల్లల నోట్‌బుక్ తెరిచి చూడండి: ‘30 మీటర్లు, 6 సార్లు’ అని రాసుంటుంది. ఒక్కో పరుగుకూ మధ్య మూడు నిమిషాలు విశ్రాంతి ఇచ్చిన సంగతి ఉండదు. ఊళ్లో నిమిషం గ్యాప్‌తోనే పరిగెత్తిస్తారు. రెండు మూడు పరుగులకే వేగం పడిపోతుంది. వేగం కోసం పెట్టిన వర్కవుట్ కాస్తా స్టామినా వర్కవుట్ అయిపోతుంది.

లాంగ్‌జంప్‌లో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మట్టి ట్రాక్ మీద 14 అంగల రనప్ అలవాటైన అమ్మాయి సింథటిక్ ట్రాక్ మీద స్పైక్స్ (అడుగున పిన్నులుండే బూట్లు) వేసుకుంటే అంగ సాగుతుంది, కాలు మోపి ఎగరాల్సిన బోర్డు దాటి ఫౌల్ అవుతుంది. క్యాంపు కోచ్ బోర్డును కాదు, చివరి ఆరు అంగలు మొదలయ్యే చోటును చూస్తాడు. పాదం అక్కడ ఎక్కడ పడుతుందో గమనించి రనప్ మొదలును వెనక్కి జరుపుతాడు. ఇంటికొచ్చి మట్టి మీద అదే కొలత పెడితే బోర్డే అందదు. ఊరి కోచ్ పక్కనుంటే రెండు ట్రాక్‌ల కొలతలూ టేపు పట్టి విడివిడిగా రాసుకుంటాడు. మెళకువ మారిన కొత్తలో ఫలితం తగ్గడం మామూలే. అందుకే పోటీకి మూడు వారాలలోపు క్యాంపు వద్దు.

ఊరి స్టేడియంలో లోపాలు లేకపోలేదు. నలభై మందికి ఒక్క కోచ్, అందరికీ అవే రౌండ్లు. అయినా 14 లోపు పిల్లలకు ఇంటి తిండి, ఇంటి నిద్ర, అన్ని ఈవెంట్లూ రుచి చూడటం ముఖ్యం. జాతీయ అంతర జిల్లాల మీట్ నిడ్‌జామ్‌లో కూడా అండర్-14కి ప్రధానంగా పెట్టింది ట్రయథ్లాన్, అంటే మూడు అథ్లెటిక్స్ ఈవెంట్లు కలిపిన పోటీ. ఆ వయసులో ఒకే ఈవెంట్‌కు కట్టేయడం ఎందుకు?

క్యాంపులో ఎక్కువమంది దెబ్బతినేది మొదటి వారంలోనే. ఇంటి దగ్గర వారానికి ఐదు సెషన్లు చేసేవాళ్లు అక్కడ ఒక్కసారిగా రోజుకు రెండు చొప్పున పన్నెండు చేస్తారు. పైగా గట్టి ట్రాక్, కొత్త స్పైక్స్. నాలుగో రోజుకు షిన్ పెయిన్ (మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి) మొదలవుతుంది. వెళ్లడానికి రెండు వారాల ముందే, వారంలో మూడు రోజులు సాయంత్రం తేలికపాటి సెషన్ కలపండి. సింథటిక్‌కు 6 మి.మీ. పిన్నులు చాలు. నొప్పి వస్తే ఎముక వెంబడి వేలితో నొక్కి చూడండి. జానెడు మేర నొప్పిగా ఉంటే పరుగు తగ్గించి చూడొచ్చు. ఒక్క వేలి కొన పట్టేంత చోటే సలుపుతుంటే పరుగు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎముక చిట్లడం తొలి రోజుల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా.

మే ఎండల్లో వర్కవుట్‌కు ముందూ తర్వాతా బరువు చూడాలి. కిలో తగ్గితే లీటరున్నర దాకా ద్రవాలు, ఒక్కసారిగా కాక రెండు మూడు గంటల్లో తాగించాలి. ఓఆర్‌ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే పోయండి. ఎవరో ఇచ్చిన పౌడర్లు, మాత్రలు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి పంపండి. ఆస్తమాకు ఇన్‌హేలర్ వాడుతుంటే డాక్టరు చీటీతో సహా ముందే క్యాంపు వాళ్లకు తెలియజేయండి.

డబ్బు కట్టేముందు మూడు విషయాలు అడగండి. ఒక్కో కోచ్‌కు ఎంతమంది? పదిహేను దాటితే స్టేడియానికీ దానికీ పెద్ద తేడా ఉండదు. అమ్మాయిలు ఉండేచోట రాత్రిపూట మహిళా వార్డెన్ ఉంటారా? మధ్యాహ్నం నిద్రకు సమయం ఇస్తారా? రెండో దానికి సూటిగా సమాధానం రాకపోతే అమ్మాయిని పంపకండి, క్యాంపు ఎంత పేరున్నదైనా సరే.

కోచ్‌లకు పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది కదా అంటారు. పునాదికి అది మంచిదే, వీలైతే చేయాలి. కానీ మీ అమ్మాయి చివరి నుంచి ఆరో అంగ ఎక్కడ పడుతోందో ఆ కోర్సు చెప్పదు. క్యాంపు అంతా ఉండే సెలవు దొరక్కపోతే చివరి రెండు రోజులైనా వెళ్లండి. ఫోన్‌ను పక్కనుంచి, నడుము ఎత్తులో పట్టుకుని వీడియో తీయండి. వచ్చే నాలుగు వారాల వర్కవుట్‌ను దూరం, ఎన్నిసార్లు, మధ్యలో ఎన్ని నిమిషాలు అని మూడు గళ్లు గీసి, అక్కడి కోచ్ చేతే రాయించుకోండి.